క్యాండిడ్ స్ట్రీట్ పోర్ట్రెయిట్లు: మొహం మంచిగుంటది, ఫొటో మాత్రం కుదుర్తలే, జర చూసి చెప్పుండ్రి

కోఠీ_క్లిక్
ఆదివారం, రాత్రి 10:42

అన్నలకు, అక్కలకు నమస్తే. ఏడాదిబట్టి ప్రతి ఆదివారం పొద్దుగాల బండి తీస్కొని హైదరాబాద్ల తిరుగుతున్న, మోండా మార్కెట్, లాడ్‌బజార్, పత్తర్‌గట్టి, అబిడ్స్‌ల పాత పుస్తకాల ఫుట్‌పాత్, ఏదీ వదల్లే. పోజులిచ్చే ఫొటోలు నాకు వద్దు, మనుషులు వాళ్ల పనిల వాళ్లున్నప్పుడు మొహం మీదికి ఒకటొస్తది సూడుండ్రి, అది కావాలె. అది దొరుకుతుంది కూడా. కానీ ఇయ్యాల కూసొని అన్నీ పెద్ద స్క్రీన్ల చూస్తే గోడకు పెట్టుకునేటిది ఒక్కటి లేదు. మొహం మంచిగుంటది, ఫోకస్ కండ్ల మీదనే ఉంటది, అయినా ఏదో చిరాకుగ ఉంటది. క్రాప్ సెన్సర్ కెమెరా (సెన్సర్ జర చిన్నది), 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, ఎప్పుడూ 1.8 మీదనే, అంటే లెన్సు మొత్తం తెరిచి పెడ్త.

నాలుగు ఫొటోలు పెట్టిన. ఒకటోది మోండా మార్కెట్ల మల్లెపూలమ్మ, మూర కొలుస్తున్నది. రెండోది లాడ్‌బజార్ల లక్క గాజులు చేసే చాచా. మూడోది అబిడ్స్‌ల పుస్తకాల పెద్దాయన, అమ్మే పుస్తకమే తీసి చదువుకుంటున్నడు. నాలుగోది ఇరానీ హోటల్ల ఒక తాత సాసర్ల చాయ్ పోసుకొని ఊదుతున్నడు. మొహమాటం లేకుండ చెప్పుండ్రి. సూపర్ బ్రో అనే కామెంట్లు ఇన్‌స్టాల మస్తొచ్చినయ్, వాటితోని నేను నేర్చుకున్నది ఏం లేదు.

సైనిక్‌పురి_శైలు
ఆదివారం, రాత్రి 11:15

పూలమ్మ ఫొటో దగ్గరే ఆగిపోయాను తమ్ముడూ, మిగతావి తర్వాత చూస్తా. దండ వేళ్ల నుంచి కిందికి లాగి పట్టుకుని కొలుస్తోంది, కొనే ఆవిడ దండ వైపు చూస్తుంటే ఈవిడ మాత్రం కొనే ఆవిడ మొహం చూస్తోంది, ఇప్పుడు కొసరు అడుగుతుందా అడగదా అని. ఆ చూపు నీకు దొరికింది, అది చిన్న విషయం కాదు. కానీ మోచెయ్యి ఏది? ఫ్రేమ్ బయట ఉండిపోయింది! మూర అంటేనే మోచేతి నుంచి వేలి కొస దాకా కదా, మోచెయ్యి తెగిపోయేసరికి ఇక కొలతే లేదు, ఇది ఎవరో ఒకావిడ పూలదండ పట్టుకున్న ఫొటో అయిపోయింది. మోచేతి కింద ఇంకో బెత్తెడు జాగా ఉంటే ఆ దండ బిగువు కూడా కనిపించేది.

ఇక ఇదే ఫొటోలో రెండో లోపం, ఆవిడ తల వెనక నీలం డ్రమ్ము. సరిగ్గా కొప్పు మీద పెట్టినట్టు ఉంది. దాని పక్కన పసుపు రంగు బోర్డు, మీద ఎర్ర అక్షరాలు. ఎఫ్ 1.8 పెడితే వెనకది పోతుందని అనుకుంటాం కానీ పోయేది అంచుల పదును మాత్రమే, రంగు ఎక్కడికీ పోదు. మొహం కన్నా వెనకున్న బోర్డు వెలుతురుగా ఉంటే కన్ను ముందు అక్కడికే పోతుంది, పైగా అక్షరాలుంటే వద్దన్నా చదువుతుంది. నీ ఫొటోలోనే కుడి చివర కొట్టు లోపలి చీకటి కొంచెం కనిపిస్తోంది చూడు. నువ్వు ఎడమకి రెండడుగులు వేసి ఉంటే ఆ చీకటి ఆవిడ తల వెనక్కి వచ్చేది, తెల్ల మల్లెలు దాని మీద ఎలా వెలిగేవో ఊహించుకో.

కోఠీ_క్లిక్
ఆదివారం, రాత్రి 11:31

అక్కా మోచెయ్యి సంగతి ఇప్పటిదాక తట్టనే లేదు. ఫొటో నూరుసార్లు చూసి ఉంట. మొహం నింపాలె అని దగ్గరికి దగ్గరికి పోయిన, చేతుల దిక్కు చూడనే లేదు.

డార్క్‌రూమ్_మావయ్య
సోమవారం, ఉదయం 6:20

బాబూ, ముందు ఒక మాట. నువ్వు మనిషిని చూసి కెమెరా ఎత్తుతున్నావు. అందరం అలాగే మొదలెడతాం. నేను ముప్పై ఏళ్లకి పైగా ఒక దినపత్రికలో ఫొటోలు తీశాను, ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము రోజుల నుంచి, రోలుకి 36 ఫ్రేములు, అందులో సగం మర్నాటికి మిగల్చాలి. అలాంటప్పుడు నచ్చిన మొహం కనపడ్డ చోటల్లా నొక్కుతూ పోతే కుదరదు. అందుకని మాకు అలవాటైన పద్ధతి ఏంటంటే ముందు చోటు చూసుకోవడం, వెలుతురు చూసుకోవడం, ఫ్రేము కట్టేసుకోవడం, తర్వాత మనిషి కోసం నిలబడటం. మనిషి వెంట నువ్వు పరిగెడితే వెనకాల ఏది వస్తే అది పడుతుంది ఫొటోలో.

పత్తర్‌గట్టికి వెళ్తున్నానన్నావు కదా. 1908 మూసీ వరదల తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వాళ్లు కట్టించిన రాతి కమాన్లు అవి, వరసగా ఉంటాయి. పొద్దున పది దాటాక ఎండ నెత్తి మీదికి ఎక్కుతుంది, రోడ్డు మీద నడిచే ప్రతివాడికీ కళ్ల గుంటల్లో నల్లటి నీడ పడుతుంది, అప్పుడు రోడ్డు మీద మొహాలు తియ్యకు. కమాను నీడలోకి వెళ్లు. ఎండ రోడ్డు మీద పడి తిరిగి లోపలికి కొడుతుంది, ఆ వెలుతురు చాలా మెత్తన. లోపలి నుంచి బయటికి వచ్చే మనిషిని గమనించు, కొట్టు గడప దగ్గర మొహం చీకట్లో ఉంటుంది, కమాను అంచుకి రెండడుగుల ముందు మొహం వెలుగుతుంది, అంచు దాటగానే ఎండ దెబ్బకి కళ్లు చిట్లిస్తాడు. నీకున్నది ఆ రెండడుగులే. కమాను స్తంభం ఫ్రేములో ఎడమ అంచున నిలువుగా పెట్టుకుని, ఆ రెండడుగుల చోటికి ఫోకస్ కట్టేసి, గోడకి ఆనుకుని నిలబడు. ఇరవై నిమిషాలు నిలబడితే నిన్ను ఎవరూ పట్టించుకోరు, నువ్వు కూడా ఆ స్తంభంతో సమానం అయిపోతావు. ఒకడు జేబులో తాళాలు వెతుక్కుంటూ వస్తాడు, ఒకావిడ కొంగు సర్దుకుంటూ వస్తుంది, ఎవరో ఒకరు ఆ రెండడుగుల్లో నీకు కావాల్సింది చేస్తారు. ఒక్కోరోజు ఎవరూ చెయ్యరు, ఇంటికి వచ్చెయ్యి.

అబిడ్స్ పుస్తకాలాయన ఫొటోకి పెద్దగా చెప్పేది లేదు, నువ్వు నిలబడి తీశావు, ఆయన కింద కూర్చున్నాడు, బట్టతల తప్ప ఏం పడలేదు. కూర్చో. ఆదివారం ఆ వీధిలో షాపులు మూసి ఉంటాయి కాబట్టే ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు, అంటే ఆయన వెనకాల దించేసిన షట్టర్, ఒకటే రంగు, అడ్డ గీతలు. అంతకన్నా శుభ్రమైన బ్యాక్‌గ్రౌండు హైదరాబాదు వీధుల్లో ఎక్కడ దొరుకుతుంది?

పాతబస్తీ_పోరడు
సోమవారం, ఉదయం 9:05

మావయ్యా కమాన్ల ముచ్చట నూటికి నూరు పాళ్లు నిజం. మాది శాలిబండ, నేను రోజూ ఆ తొవ్వల్నే పోత.

తమ్మీ నీ చాచా ఫొటో గురించి చెప్త. ఆయన చేసే పని ఏంది? బొగ్గుల మీద లక్క వేడి చేస్తడు, మెత్తవడంగనే బండ మీద దొర్లిచ్చి తీగ లెక్క సాగదీస్తడు, సల్లారకముందే గుండ్రంగ తిప్పి అతికిస్తడు. మొత్తం కథ వేళ్లల్ల ఉన్నది. నీ ఫొటోల కండ్లు షార్ప్, చేతులు పత్తి లెక్క మసక. లెక్క చెప్త చూడు, క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం, ఎఫ్ 1.8, రెండు మీటర్ల దూరం అంటే ఫోకస్‌ల ఉండే మందం 11 సెంటీమీటర్లు, జానెడు కూడ కాదు. చేతులు మొహం కన్న అడుగు ముంగట ఉన్నయ్, ఎట్లొస్తయ్? అదే లెన్సు జర మూసి 5.6 పెడితే 36 సెంటీమీటర్ల దాక వస్తది, మొహానికీ చేతులకూ నడుమ ఫోకస్ పెడితే రెండూ దొరుకుతయ్. వెలుతురు సాలదంటవా, ఐఎస్‌ఓ, అంటే సెన్సర్ వెలుతురు పట్టే జోరు, 3200 పెట్టు. నాయిస్ వస్తే రానీ, గింజలున్న ఫొటో పర్వాలే గని చేతుల్లేని గాజులాయన ఎందుకు?

ఇంకోటి, బొగ్గుల ఎరుపు కిందికెల్లి ఆయన గడ్డం మీద పడుతది. కెమెరా ఏం చేస్తదంటే దుకాణం చీకటిగున్నదని మొత్తం తెల్లగ చేసేస్తది, నీ ఫొటోల అదే అయ్యింది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుతురు, మైనస్ ఒకటి దాక దించు, ఆ ఎరుపు అప్పుడు కనపడ్తది. నువ్వు కూడ ఆయన లెక్కనే కింద కూసో.

కూకట్‌పల్లి_85
సోమవారం, మధ్యాహ్నం 1:40

అందరూ దగ్గరికెళ్లు, కూర్చో అంటున్నారు గానీ దగ్గరికెళ్తే అది క్యాండిడ్ ఎలా అవుతుందండీ? కెమెరా కనపడగానే మనిషి మారిపోతాడు, బుగ్గలు బిగుసుకుంటాయి. నేను దూరం నుంచి దగ్గరగా చూపించే 85 ఎంఎం లెన్సు, ఒక్కోసారి 135 కూడా వాడతాను, రోడ్డుకి అటువైపు నుంచి. లెన్సు పొడుగయ్యే కొద్దీ వెనకాల కనపడే ముక్క చిన్నదవుతుంది, కాబట్టి నేను ఒక్కడుగు జరిగితే చాలు బ్యాక్‌గ్రౌండ్ మొత్తం మారిపోతుంది, డ్రమ్ములూ బోర్డులూ తప్పించడం చాలా తేలిక. ఈ తమ్ముడి సమస్యే అది కదా.

పాతబస్తీ_పోరడు
సోమవారం, మధ్యాహ్నం 2:10

భయ్యా లాడ్‌బజార్ల రోడ్డుకు అటువైపు అంటే ఎంత దూరం? సాయంత్రం ఆరింటికి రా, నీకూ చాచాకూ నడుమ పది మంది నడుస్తుంటరు, రెండు బండ్లు, ఒక తోపుడు బండి. 135 తోని నీకు వాళ్ల భుజాలే వస్తయ్. ఇంకా ఒక సంగతి, దూరంకెల్లి పెద్ద లెన్సు పెట్టి చూస్తుంటే మా గల్లీల దాన్ని తప్పుగనే అనుకుంటరు. దగ్గర నిలబడి సలాం చాచా అన్నోణ్ని ఎవ్వరు ఏమనరు.

సైనిక్‌పురి_శైలు
సోమవారం, మధ్యాహ్నం 3:30

ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఒకటి కలపాలి. మొహం ఆకారం మారేది లెన్సుని బట్టి కాదు, మనం నిలబడ్డ దూరాన్ని బట్టి. రెండడుగుల్లో నిలబడితే ఏ లెన్సయినా ముక్కు ముందుకొస్తుంది, ఆరడుగులు ఏడడుగులు వెనక్కొస్తే మొహం మనకి మామూలుగా కనిపించే తీరులో ఉంటుంది. ఇరవై అడుగుల నుంచి తీస్తే మొహం బాగానే ఉంటుంది గానీ చూసేవాళ్లకి ఆ మనిషి పక్కన నిలబడ్డట్టు అనిపించదు. నాకు ఆ పక్కన నిలబడ్డ భావమే కావాలి, అందుకని దగ్గరికెళ్లి తీసే 35 ఎంఎం లెన్సు. ఇది నా ఇష్టం, రూలు కాదు. 85 గారు బ్యాక్‌గ్రౌండ్ ముక్క గురించి అన్నది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి.

అలాగే, పిల్లలు, దవాఖానా ముందు ఏడుస్తున్నవాళ్లు, మొహం తిప్పేసుకున్న ఆడవాళ్లు, వీళ్ల జోలికి నేను పోను. తీశాక ఎవరైనా వద్దంటే అక్కడే వాళ్ల ముందే డిలీట్ చేస్తాను.

ఫోన్‌తోనే_తీస్తా
సోమవారం, సాయంత్రం 5:12

నా దగ్గర ఫోనే ఉందండి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటా, పీజీ చదువుతున్నా. ఇవన్నీ ఫోన్‌కి పనికొస్తాయా? వెనకది మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ పెడితే జుట్టు చుట్టూ, పూల చుట్టూ కత్తెరతో కోసినట్టు వస్తోంది.

సైనిక్‌పురి_శైలు
సోమవారం, సాయంత్రం 5:50

పోర్ట్రెయిట్ మోడ్ ఆపెయ్యమ్మా. ఫోన్ మామూలు కెమెరా 24, 26 ఎంఎం దగ్గర ఉంటుంది, మొహం నింపాలని దగ్గరికెళ్తే ముక్కు పెద్దదవుతుంది. 2 ఎక్స్ జూమ్ పెట్టుకుని రెండడుగులు వెనక్కి రా. ఫోన్‌లో వెనకది ఎలాగూ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోవడం నీకు మా అందరి కన్నా తొందరగా అలవాటవుతుంది. దించిన షట్టర్, సున్నం గోడ, కొట్టు లోపలి చీకటి, ఈ మూడూ వెతుక్కో. స్క్రీన్ మీద గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసుకో, కానీ మనిషిని ఆ గీత మీదే నిలబెట్టాలని పంతం పట్టకు, గ్రిడ్ ఉన్నది అంచులు చూడటానికి.

డార్క్‌రూమ్_మావయ్య
సోమవారం, రాత్రి 8:45

దూరమా దగ్గరా అనే తగువు మా ఆఫీసులో కూడా ఉండేది. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసాఁ ఎక్కువగా 50 ఎంఎం తోనే తీశాడు, లైకా కెమెరా మీద మెరిసే భాగాలకి నల్ల టేపు అంటించుకునేవాడు ఎవరి కళ్లూ పడకుండా. ఆయనకి ఫ్రేము నొక్కినప్పుడే పూర్తవ్వాలి, తర్వాత అంచులు కోసి క్రాప్ చెయ్యడం ఇష్టపడేవాడు కాదు. అంతకు ముందు తరం సంగతి చూస్తే, మన ఆరో నిజాం దగ్గర ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫొటోలు తీసేవారు, 1905లో పోయారు, ఆ పెద్ద కెమెరా స్టాండు మీద పెట్టి తీసే రోజుల్లో జనం కదలకుండా నిలబడాల్సిందే. అయినా ఆయన గుంపు ఫొటోల్లో ఎవరి తలా ఎవరి తల వెనకా దాక్కోదు, ప్రతి మొహానికీ చుట్టూ కొంచెం ఊపిరి ఉంటుంది. అది చూసి నేర్చుకున్నాను నేను, మనిషికీ వెనకున్న వస్తువుకీ మధ్య సన్నటి సందు ఉండాలి. తల స్తంభాన్ని తాకకూడదు, భుజం పక్కవాడి భుజంలో కలిసిపోకూడదు. ఆ సందు కోసం నువ్వు జరగాల్సింది ఒక్కోసారి నాలుగు అంగుళాలే.

సాసర్ తాత ఫొటో. ఆయన కుడి వైపుకి ఊదుతున్నాడు, నువ్వు ఆయన్ని కుడి అంచుకి నెట్టేశావు. చూపున్న వైపు జాగా వదలాలని అందరూ చెప్తారు, ఒక్కోసారి వదలకపోయినా ఫొటో నిలబడుతుంది, మనిషి ఇరుకున పడ్డట్టు కావాలనుకుంటే. కానీ ఇక్కడ ఊపిరి ఉంది కదా, ఆవిరి ఉంది కదా, దానికి పోవడానికి చోటు కావాలి. ఇంకో ముఖ్యమైన విషయం, నీ ఫొటోలో ఆవిరే కనపడట్లేదు, ఎందుకంటే వెనకాల తెల్ల టైల్సు గోడ. ఆవిరి కనపడాలంటే వెనక చీకటి ఉండాలి, వెలుతురు పక్క నుంచో వెనక నుంచో రావాలి. గుమ్మానికి పక్కగా ఉన్న బల్ల చూసుకో, ఎదురుగా లోపలి గది చీకటి పెట్టుకుని కూర్చో, నువ్వు కూడా ఒక చాయ్ తెప్పించుకో. సాసర్‌లో పొయ్యడం, ఎత్తడం, ఊదడం, తాగడం, నాలుగు ఘట్టాలు. పొయ్యడం అందరూ తీస్తారు. ఎత్తాక ఊదబోయే ముందు ఒక్క క్షణం ఆగుతారు చూడు, కళ్లు సాసర్ మీద, పెదాలు సున్నాలా, అక్కడ నొక్కు.

కోఠీ_క్లిక్
ఆదివారం, మధ్యాహ్నం 12:25

వారం ఆగి రాస్తున్న. ఇయ్యాల ఒక్క చోటుకే పోయిన, మోండా మార్కెట్. పూలమ్మ అదే చోట కూసున్నది. ముందుగాల్ల కెమెరా తియ్యలే, అమ్మా పోయిన వారం నీ ఫొటో తీసిన అని ఫోన్ల చూపెట్టిన, మోచెయ్యి పోయింది అన్న. ఆమె చూసి, మోచెయ్యి లేకుంటే మూర ఎట్లయితది బిడ్డా అన్నది! శైలక్క అన్న మాటే. తీస్కో, నా బేరం మాత్రం చెడగొట్టకు అన్నది.

ఎడమకు జరిగి, మోకాళ్ల మీద కూసొని, కొట్టు చీకటి తల వెనకకు వచ్చేదాక చూస్కున్న. ఎఫ్ 5.6, షట్టర్ 1/250 సెకండు, ఆటో ఐఎస్‌ఓ, ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 ఎందుకంటే మొదటి రెండు ఫొటోలల్ల చీకటి చూసి కెమెరా మల్లెలను కాల్చేసింది, పూలు కాదు తెల్ల మచ్చ లెక్క వచ్చినయ్. 50 ఎంఎంతోని మోచెయ్యి పట్టాలంటే మూడు మీటర్లు వెనకకు రావాలె, వెనకాల తరాజు బండి ఉంటే బండాయన్ని అడిగి దాని పక్కన కూసున్న. నలభై నిమిషాలు. మొత్తం పదిహేడు ఫ్రేములే తీసిన, ఇంతకుముందు గంటల మూడు నూర్లు తీస్తుంటి.

పన్నెండోది కింద పెట్టిన. దండ మోచేతి దాక బిగ్గ ఉన్నది, ఎడమ పక్కకెల్లి కొనే ఆమె చెయ్యి ఒక్కటే ఫ్రేములకు వచ్చింది నోటు పట్టుకొని, పూలమ్మ కండ్లు నోటు మీద లేవు, కొనే ఆమె మొహం మీద ఉన్నయ్. తల చుట్టూ చీకటే, మావయ్య చెప్పిన సందు ఉన్నది.

పాతబస్తీ_పోరడు
ఆదివారం, మధ్యాహ్నం 12:50

అరె తమ్మీ, ఇది ఫొటో. కొనే ఆమె మొహం లేకపోవుడే దీనికి బలం, నేను రెండుసార్లు చూసిన ఆ చెయ్యి ఎవరిదా అని.

కూకట్‌పల్లి_85
ఆదివారం, మధ్యాహ్నం 1:15

చాలా బాగుందండీ, దగ్గర నుంచి తీసినా ఆవిడ కెమెరాని మర్చిపోయింది, నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నా. ఒక్కటి, కింద ఎడమ మూలలో సగం చెప్పు కనిపిస్తోంది, ఎర్ర పట్టీ ఉంది. కన్ను అక్కడికి జారుతోంది. కింద నుంచి కొంచెం క్రాప్ చేసెయ్యండి.

సైనిక్‌పురి_శైలు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

క్రాప్ చేస్తే మోచేతి కింద వదిలిన బెత్తెడు జాగా పోతుంది, దండ కొస అంచుకి తగులుతుంది. వద్దు. ఆ ఎరుపు ఒక్కటే ఎడిటింగ్‌లో కొంచెం తగ్గించు, చెప్పు ఉండనీ.

డార్క్‌రూమ్_మావయ్య
ఆదివారం, మధ్యాహ్నం 2:30

చెప్పూ ఉండనీ, రంగూ ముట్టుకోకు. ఆ కొనే ఆవిడ అక్కడ నిలబడి ఉంది అనడానికి చెయ్యీ, చెప్పూ, ఆ రెండే ఉన్నాయి ఫొటోలో. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లు, ఈసారి ఆరున్నరకే, ఎండ మార్కెట్‌లోకి దిగకముందు. పదహారోది కూడా పెట్టు, ఏం తీశావో చూడాలని ఉంది.

కోఠీ_క్లిక్
ఆదివారం, మధ్యాహ్నం 2:41

పదహారోదాంట్ల ఆమె దండ పండ్లతోని తెంపుతున్నది మావయ్యా, మొహం పక్కకు తిరిగింది, నాకు అది మసక అనిపించి పక్కకు పెట్టిన. రాత్రికి పెడ్త.